నాలుగంగుళాల పంతం

ఆ ఎండాకాలం మా ఇంట్లో గొడవంతా నాలుగంగుళాల దగ్గర వచ్చింది. పద్నాలుగు అంగుళాల ల్యాప్‌టాప్ కొనాలా, పద్దెనిమిది అంగుళాలదా? కొనేది నేను, ఆడేది నేను, కళ్లు నావి, భుజం నాది. అయినా ఫెంగ్‌యువాన్ బజారులో మా టిఫిన్ కొట్టుకొచ్చే ప్రతివాడికీ దాని మీద ఒక అభిప్రాయం ఉండేది. అరవై ఆరేళ్ల ముసలమ్మకి ఆటల ల్యాప్‌టాప్ ఎందుకని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే ఏమవుతుందో వాళ్లకి తెలుసు.

షోరూములో పిల్లకి తెలియదు పాపం.

"మనవడికా అమ్మమ్మా?" అంది.

"మనవడో మనవరాలో ఇంకా మా కోడలి కడుపులో ఉంది. బయటికొచ్చి నోరు తెరిచి అడిగినప్పుడు వేరే కొంటాం. ఇది నాకు."

పక్కనే మా అబ్బాయి బోజున్ నవ్వాడు. "మా అమ్మతో జాగ్రత్తమ్మా. పెనం మీద గుడ్డట్లు ఒకేసారి ఎనిమిది తిప్పే చేయి అది."

ఆ పిల్ల రెండు మిషన్లూ పక్కపక్కన పెట్టింది. రెండూ ఒకే కంపెనీవి, లోపలి సరుకు కూడా ఒకటేనట. తేడా అంతా సైజులోనే. చిన్నదాన్ని ఒంటి చేత్తో లేపాను. పెద్దదానికి రెండు చేతులూ కావాల్సొచ్చాయి, దాని ఛార్జరే ఇటుకంత ఉంది. రెండింటి మీదా ఒక్కో ఆట ఆడి చూశాను. చిన్నదాంట్లో శత్రువు వచ్చి నన్ను పొడిచి వెళ్లిపోయాక గానీ వచ్చినవాడెవడో తెలియలేదు. పెద్దదాంట్లో గడ్డిలో నక్కినవాడి టోపీ రంగు కూడా కనబడింది. కళ్లు పెద్దది పెద్దది అంటున్నాయి. కుడి భుజం మాత్రం, నేను వచ్చే జన్మలో కూడా దాన్ని మోయను అంటోంది. నలభై ఏళ్లు అట్లకాడ తిప్పి తిప్పి పట్టేసిన భుజం అది. చెయ్యి పైకెత్తితే కలుక్కుమంటుంది.

"మధ్యరకం లేదా? పదహారు అంగుళాలది?"

"అయిపోయింది అమ్మమ్మా. మళ్లీ పున్నమి పండగ దాటితే గానీ రాదు."

"నా జన్మలో మధ్యరకం దొరికిందెప్పుడు గనక!"

"పెద్దది తీసుకో అమ్మా. కళ్లకి మంచిది. డబ్బు నేనిస్తాను" అన్నాడు బోజున్.

వాడు అరిగిపోయిన అట్లకాడ మార్చడానికి ఆర్నెల్లు ఆలోచించే మనిషి. నేను మురిసిపోయాను. కన్నకొడుకంటే ఇలా ఉండాలి అనుకున్నాను. అయినా వెళ్లిన మొదటిరోజే కొనేసే అలవాటు నాకు లేదు. ఆలోచించుకుని వస్తామని చెప్పి బయటపడ్డాం.

మా జట్టు సంగతి చెప్పాలి. బజారు మీద మేడలో వయసు మళ్లినవాళ్ల కోసం ఒక హాలు ఉంది. కొందరు పాటలు పాడతారు, కొందరు కాగితం పూలు చేస్తారు. మేం ఐదుగురం ఆన్‌లైన్ ఆట ఆడతాం. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు, అవతలివాళ్ల కోట పడగొట్టాలి. మా నాయకుడు లాయ్ అన్నయ్య సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇప్పటికీ ప్రయాణికుల మీద అరిచినట్టే అరుస్తాడు. నేను చేరిన రోజున నాకు వైద్యురాలి వేషం ఇచ్చాడు. దెబ్బలు తిన్నవాళ్లకి మందు పోస్తూ వెనక తిరగడం దాని పని.

"ఆడవాళ్లకి బాగుంటుంది ఆయింగ్" అన్నాడు.

"పొద్దున్నే నాలుగింటికి లేచి ఊరందరికీ తిండి పెట్టి ఇక్కడికొచ్చేది మళ్లీ మీకు మందులు పోయడానికా? నాకు కత్తివాడు కావాలి."

కత్తివాడినే తీసుకున్నాను. అప్పటినుంచీ మేం గెలిచిన ఆటల్లో చాలావాటిని నా కత్తే గెలిచింది. కావాలంటే లాయ్‌నే అడగండి. ఒప్పుకోడు గానీ తలకాయ పక్కకి తిప్పుకుంటాడు.

ఆ సీజన్‌లో మేం ఫైనల్స్‌కి ఎక్కాం. ఆటలు ఆగస్టు చివర్లో, దక్షిణాన సముద్రం ఒడ్డునున్న కావ్‌శ్యుంగ్‌లో. మొన్నటిదాకా ఒక కాలేజీవాళ్లు తమ మిషన్లు మాకు అరువిచ్చారు, వేసవిలో ఏదో మరమ్మతులని తీసుకెళ్లిపోయారు.

"ఎవరి బండి వాళ్లు తెచ్చుకోవాలి" అన్నాడు లాయ్. "చిన్నవి తెచ్చుకోండి. రైలెక్కాలి. ఎవరి పెట్టెనూ నేను మొయ్యను. నా నడుం సంగతి మీకు తెలుసు."

"నిన్ను మొయ్యమన్నదెవరు?"

"నీతో వాదన నాకొద్దు ఆయింగ్. చాంద్రమానం ఏడో నెల రాకముందే కొనుక్కో. దయ్యాల నెలలో మళ్లీ కొనను, మంచిది కాదు, అది ఇది అంటావు. అప్పటికి నీ చేతిలో మిషను లేకపోతే నీ కుర్చీ గావ్ మాష్టారికి ఇచ్చేస్తాను."

గావ్ మాష్టారు వెనక బెంచీ మీద టీ ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని నా కుర్చీ వంకే చూస్తున్నాడు. ఆయన లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆటలో ప్రతి కదలికా ముందు లెక్క వేసుకుంటాడు, ఆ లెక్క తేలేలోపు చచ్చిపోతాడు.

ఆ కుర్చీ నాకెంతో ఎవరికీ విప్పి చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. మా ఆయన పోయినప్పుడు బోజున్ బడికి వెళ్లే పిల్లాడు. అప్పటినుంచీ నేను చేసిన ప్రతి పనీ ఎవరిదో ఒకరి కడుపు కోసం. ఆ కుర్చీలో కూర్చుంటే ఎవరికీ ఆకలి వెయ్యదు. గెలిస్తే నేనే గెలిచాను, చస్తే నేనే చచ్చాను. ఈ వయసులో అంత సుఖం దొరుకుతుందని నేను కల్లో కూడా అనుకోలేదు. దాన్ని గావ్ మాష్టారికి ఇచ్చేంత మంచిదాన్ని కాను.

వారం తిరక్కుండానే నా మురిపెం వదిలింది. సాయంత్రం చెత్తబండి పాట వినబడితే మా వీధంతా సంచులు పట్టుకుని బయటికొస్తుంది. ఊళ్లో కబుర్లన్నీ అక్కడే చేతులు మారతాయి. ఎదురింటి ఛ్యూ వదిన నా పక్కకొచ్చి నిలబడింది.

"అదృష్టవంతురాలివి ఆయింగ్. నీ కొడుకుది ఏం తెలివి! మొన్న మా ఆయనతో అంటున్నాడు. పెద్ద మిషను కొని బల్ల మీద పెట్టేస్తే మా అమ్మ ఇంక ఇల్లు కదలదు, ఓ కాలితో ఉయ్యాల ఊపుతూ రెండు చేతులా ఆడుకుంటుంది అని. పురుడూ అయిపోతుంది, పిల్లా పెరిగిపోతుంది, నీ ఆటా సాగుతుంది. కావ్‌శ్యుంగూ లేదు గీవ్‌శ్యుంగూ లేదు."

"అలా అన్నాడా?"

"అయ్యో, నీకు చెప్పలేదా? నేను చెప్పానని అనకే తల్లీ."

బండి మలుపు తిరిగి వెళ్లిపోయింది. నా చెత్త సంచి నా చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్న కొట్టు కిటకిటలాడుతోంది. హెల్మెట్లు తియ్యకుండానే జనం వరసలో నిలబడ్డారు. బోజున్ సోయాపాలు గ్లాసుల్లో పోస్తున్నాడు. కోడలు పెయ్‌షాన్ అంత పొట్టతోనూ వెనక స్టూలు మీద కూర్చుని కాగితం సంచులు మడుస్తోంది. నేను పెనం దగ్గరున్నాను. కాసేపు ఓర్చుకున్నాను. ఓర్చుకోవడం నాకు చేతకాదు.

"ఒరేయ్, నన్ను బల్లకి కట్టేస్తావట కదరా?"

వాడి చేతిలో పాలు తొణికాయి. "ఎవరన్నారు?"

"ఎవరన్నా అంటారు. గేదెక్కూడా కట్టుతాడు ఇంత ఖరీదు పెట్టి కొనరు కదరా! నాకు చిన్నదే కావాలి. నా డబ్బుతో నేనే కొనుక్కుంటా."

"అమ్మా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. అట్టు అయ్యేదాకా వాళ్లకి మాత్రం వేరే పనేముంది?"

వాడు గ్లాసు కింద పెట్టేశాడు. వాడికీ నా రక్తమే కదా. "నీ ఆట నువ్వాడుకో, నేనెప్పుడైనా వద్దన్నానా? పెయ్‌షాన్‌కి ఆగస్టులో నెలలు నిండుతాయి. నువ్వు రైళ్లెక్కి తిరిగితే పురుడు ఎవరు పోస్తారు? అది చెప్పు ముందు."

మా దేశంలో పురుడు పోసేది అత్తగారు. నెలంతా బాలింతని గదిలోంచి కదలనీయకుండా నువ్వుల నూనెలో అల్లం వేయించి కోడి వండిపెట్టాలి, పథ్యం చేయించాలి, పసిగుడ్డుని చూసుకోవాలి. అది చెయ్యని అత్తగారి గురించి జనం ఏమంటారో నాకు బాగా తెలుసు, ఆ మాటలు అన్నవాళ్లలో నేనూ ఉన్నాను గనక. వరసలో ముందున్న టాక్సీ డ్రైవరు కూడా ఆరిందాలా తలూపాడు. "అత్తగారుండగా బయటివాళ్లెందుకు చెప్పండి?" అన్నాడు.

అంతే, నోరు జారింది.

"నేనే పోస్తాను! నేను కాక ఇంకెవరు పోస్తారు? పొయ్యనని ఎవడన్నాడు?"

వెనకనుంచి పెయ్‌షాన్ మెత్తగా అంది, "అత్తయ్య చేతి వంట తినడం నా అదృష్టం."

మా జనం మొహమాటానికి పెట్టింది పేరు. ఆకలితో కడుపు నకనకలాడుతున్నా, తిన్నారా అంటే తిన్నామంటాం. నేనన్నది అబద్ధం. ఆ పిల్లన్నదీ అబద్ధమేనని నాకప్పుడు తెలియదు. టాక్సీ డ్రైవరు తృప్తిగా తన అట్టు తీసుకుని వెళ్లిపోయాడు. నేను మాత్రం అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కుపోయాను.

ఆ మధ్యాహ్నం రోజూలాగే ఉరుములతో వాన పడింది. బోజున్ సరుకులకి వెళ్లాడు. షట్టరు సగం దించి నేను పెనం రుద్దుతుంటే పెయ్‌షాన్ వచ్చి నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ పిల్ల మా ఇంటికొచ్చి నాలుగేళ్లు. గొంతెత్తి మాట్లాడగా నేను వినలేదు. దీనికి నోరే లేదు అనుకునేదాన్ని.

"అత్తయ్యా, మీరు చిన్నదే కొనుక్కోండి."

"ఎందుకే?"

"మోసుకెళ్లడానికి తేలిక కదా."

"ఎక్కడికి మోసుకెళ్లడానికి?"

"కావ్‌శ్యుంగ్‌కి. తర్వాత కూడా, కొన్నాళ్లు, మీకు ఎక్కడికి వెళ్లాలనిపిస్తే అక్కడికి."

చేతిలో పీచు ఆగింది. "నన్ను ఇంట్లోంచి పంపించేస్తున్నావా?"

దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా మాట ఆపలేదు. "నేను పురుళ్ల నిలయంలో గది తీసుకున్నాను అత్తయ్యా. చలికాలం పోగానే తీసుకున్నా, నా సొంత డబ్బుతో. ఆయనకి కూడా చెప్పలేదు."

మా ఊళ్లో ఇప్పుడు అలాంటివి ఉన్నాయి. పురుడయ్యాక నెలంతా బాలింతనీ బిడ్డనీ నర్సులు చూసుకుంటారు, వేళకి భోజనం గదికొస్తుంది. ఉన్నవాళ్లు వెళతారు, లేనివాళ్లు అప్పు చేసి వెళతారు. మా గడప దాకా వస్తుందని నేననుకోలేదు.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? అత్తగారుండగా పరాయివాళ్ల దగ్గర పురుడా అని మీకు తలవంపులు. మా అమ్మని కాదన్నావా అని ఆయనకి కోపం. మీరు చిన్నది కొనుక్కుని ఆటలకి వెళ్లిపోతే, అత్తగారు ఊళ్లో లేరు కాబట్టి కోడలు అక్కడికి వెళ్లిందనుకుంటారు. ఎవరికీ ఏమీ అనిపించదు."

"నా వంట బాగుండదా?"

"బాగుంటుంది."

"మరి?"

నేల వంక చూస్తూ చెప్పింది. "నాకు జ్వరమొచ్చినప్పుడు గంజి తెచ్చారు కదా. నేను గిన్నె ఖాళీ చేసేదాకా గుమ్మంలో నిలబడ్డారు. ఏమీ అనలేదు. ఊరికే నిలబడ్డారు. నెలంతా అలా అంటే నాకు ఊపిరాడదు అత్తయ్యా."

నా పురిట్లో మా అత్త అలాగే నిలబడేది. నేను ఒక్కో ముద్దా మింగుతుంటే ఆవిడ గొంతు కూడా కదిలేది. ఈవిడ ఎప్పుడు వెళుతుందా దేవుడా అనుకునేదాన్ని. ఉన్నమాట చెప్పాలంటే, ఆ పురుడు తప్పించుకునే దారి ఎక్కడ దొరుకుతుందా అని ఆ వేసవంతా వెతుకుతున్నది నేను. తీరా, మీ అవసరం లేదని ఆ పిల్ల అనేసరికి నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. పెనం వైపు తిరిగి ఏడ్చాను, అంత మాత్రం మర్యాద నాకూ ఉంది.

ఏడుపయ్యాక ముక్కు తుడుచుకుని అన్నాను, "డబ్బు కట్టేశావుగా. వెళ్లు."

"ఆయనకి?"

"వాడికి నేను చెప్తాను."

"మీరు చిన్నది కొంటే అసలు చెప్పక్కర్లేదు కదా..."

"ఓసి పిచ్చిదానా! దొంగలా సంచిలో దాచుకుని పారిపోవడానికి కొంటున్నానా నేను ల్యాప్‌టాప్? నేను ఇంట్లో ఉండటానికి పెద్దది కొనాలని వాడు, ఇంట్లోంచి పోవడానికి చిన్నది కొనాలని నువ్వు, తన నడుం నొప్పెట్టకుండా చిన్నది కొనాలని ఆ లాయ్. నా కళ్లకి ఏది కనబడుతుందో ఒక్కరైనా అడిగారా?"

పెయ్‌షాన్ బిక్కమొహం వేసింది. తర్వాత మెల్లిగా అడిగింది, "ఏది కనబడుతుంది అత్తయ్యా?"

"పెద్దది" అన్నాను.

మర్నాడు కొట్టు కట్టేశాక స్కూటరు మీద ఒక్కదాన్నే వెళ్లి పద్దెనిమిది అంగుళాలది కొన్నాను. పెట్టెని కాళ్ల మధ్య పలక మీద పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఆ పలక మీద మా ఊరివాళ్లు గ్యాసు బండలు, కుక్కలు, పెళ్లికూతురి సామానుతో సహా అన్నీ మోస్తారు. ల్యాప్‌టాప్ ఒక లెక్కా?

పెట్టె మీద సైజు చూసి బోజున్ మొహం చాటంతయింది. "నేను చెప్పలేదూ!"

"చెప్పావు. నీ మాటే నిజం, కళ్లకి మంచిది. ఇప్పుడు కూర్చో."

కూర్చోబెట్టి చెప్పాను. పెయ్‌షాన్ పురుళ్ల నిలయానికి వెళుతుంది. నేను కావ్‌శ్యుంగ్ వెళతాను. పెద్ద మిషను కూడా నాతోనే వస్తుంది. చెబుతుండగానే పెయ్‌షాన్ వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది. దానికి నోరు లేదనుకున్నాను గానీ కాళ్లు ఉన్నాయి.

"ఇద్దరూ కలిసి నాకు తెలియకుండా ఇంత నాటకం ఆడారా?" అన్నాడు వాడు.

"మేమిద్దరం ఒకరికొకరం చెప్పుకుందే నిన్న. నువ్వు ఎదురింటాయనకి చెప్పావు, మాకు చెప్పలేదు. నువ్వూ తక్కువేం తినలేదు."

"అంత బరువు ఎలా మోస్తావు? భుజం నొప్పి నొప్పి అని మూలుగుతావు."

"మూలుగుతూనే మోస్తాను. నొప్పి నాది కదా."

"మరి కొట్టు?"

"నువ్వున్నావుగా."

వాడు తలొంచుకున్నాడు. తర్వాత చిన్నప్పటి గొంతుతో అన్నాడు, "పిండి నాకు కుదరదమ్మా. నువ్వు లేకపోతే జనం రారు."

వాడికి ముప్ఫై ఆరేళ్లు. నన్ను బల్లకి కట్టెయ్యాలనుకున్నది పురుడు కోసం ఒక్కటే కాదని, ఈ భయంతోనని నాకప్పుడు తెలిసింది. కోపం దిగిపోయింది. ఇన్నేళ్లూ పెనం దగ్గరికి వాణ్ని రానిచ్చిందెప్పుడు? నా అట్లకాడ ఇంకొకరు ముట్టుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు దాన్ని వాడి చేతిలో పెట్టాను.

తర్వాత రోజూ పొద్దున్నే వాడిచేత పిండి కలిపించాను. చారెడు చారెడు నీళ్లు పోస్తూ కలపాలి, చెంచా మీదనుంచి తెగకుండా జారాలి, జారి ఆగాలి. మొదట్లో వాడి అట్లు పెనానికి అతుక్కుని చిరిగిపోయాయి. టాక్సీ డ్రైవరు చిరిగిన అట్టు చేత్తో పట్టుకుని, "ఇదేంటి, తుఫాను కొట్టిందా?" అన్నాడు. "తింటే తిను, లేకపోతే నీ అత్తగారిచేత వండించుకో" అన్నాను నేను. బోజున్ నాతో సరిగ్గా మాట్లాడటం మానేశాడు. అవును, కాదు, సరే. అంతే.

ఒకరోజు ఆటకి కూర్చుందామని వస్తే ల్యాప్‌టాప్ మీద ఆకుపచ్చ చిరుతిండి పొట్లం కనబడింది. మిషను మొరాయించకుండా దాని మీద ఆ పొట్లం పెట్టడం మా దగ్గర ఆస్పత్రుల్లోనూ బ్యాంకుల్లోనూ కూడా ఉంది. ఆకుపచ్చదే పెట్టాలి, తేదీ దాటనిది పెట్టాలి. తిప్పి చూశాను. తేదీ వచ్చే ఏడాదిది. వాడు పెనం రుద్దుతూ నా వైపు చూడనట్టు నటించాడు. నేను కూడా చూడనట్టే ఊరుకున్నాను.

లాయ్ అన్నయ్య నా మిషను చూసి నోరు వెళ్లబెట్టాడు. "అదేంటి ఆయింగ్, ఇంట్లో టీవీ ఊడబెరుక్కొచ్చావా?"

"నీ బుల్లిదాంట్లో నీకు శత్రువు కనబడుతున్నాడా అన్నయ్యా? నాకు వాడి మీసం కూడా కనబడుతోంది."

ఆ పూట ఆడిన ఆటలన్నీ గెలిచాం. గావ్ మాష్టారు ఫ్లాస్కు మూత బిగించుకుని ఇంటికెళ్లిపోయాడు. భుజం మాత్రం ఆ రాత్రి నన్ను తిట్టని తిట్టు లేదు. అప్పటినుంచి మందుపట్టీ వేసుకునే బయల్దేరేదాన్ని.

దయ్యాల నెల వచ్చింది. ఆ నెలలో తిరిగొచ్చే దయ్యాల కోసం వీధంతా బల్లలు వేసి పళ్లూ ఫలహారాలూ పెట్టారు, ఊదొత్తుల పొగ కమ్మింది. ఆ పొగలోనే మనవరాలు పుట్టింది, అనుకున్నదానికంటే కొంచెం ముందే. పెయ్‌షాన్ ఆస్పత్రినుంచి తిన్నగా పురుళ్ల నిలయానికి వెళ్లింది. వీధిలో నాలుగు మాటలు అన్నారు. నేను ఎనిమిది అన్నాను. సరిపోయింది.

నేను కావ్‌శ్యుంగ్ బయల్దేరిన పొద్దున్న కొట్టు గోడ మీద బోజున్ రాసిన కాగితం ఉంది. "అమ్మ ఆటకు వెళ్లింది. భార్య పురిట్లో ఉంది. అట్లు నేనే వేస్తున్నాను. చిరిగితే సర్దుకోండి." అది చదువుతూ వరసలో అందరూ నవ్వుతున్నారు. ఎవరూ వెళ్లిపోలేదు.

రైలుకి ఇంకా టైముంది. భుజాన ల్యాప్‌టాప్ సంచితో పురుళ్ల నిలయం మెట్లెక్కాను. చెప్పులు మార్చమన్నారు, చేతులకి మందు రాసుకోమన్నారు, మొహానికి గుడ్డ కట్టుకోమన్నారు. పిల్లని అద్దం అవతలనుంచే చూపిస్తారట. ఒక నర్సు ఎత్తి చూపించింది. బోజున్ నుదురు, నా ముక్కు. పాపం ఆ ముక్కుతో ఎలా నెగ్గుకొస్తుందో అనుకున్నాను. ఎత్తుకోవాలని చేతులు లాగేశాయి. ఇంట్లో పురుడయ్యుంటే ఈపాటికి నా ఒళ్లో ఉండేది. ఆ బాధ నిజమైన బాధే, లేదని బుకాయించను.

పెయ్‌షాన్ ముందు గదిలోకి వచ్చింది. తల తడిగా ఉంది. నీళ్లు భుజాల మీదికి కారుతున్నాయి. పురిట్లో నెల తిరిగేదాకా తల తడపకూడదని మా అమ్మ చెప్పింది, మా అత్త చెప్పింది, నేను నలుగురికి చెప్పాను. మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"తువ్వాలుందా?" అన్నాను.

తెచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి వెనక నిలబడి తల తుడిచాను. ఎన్ని వెంట్రుకలో ఆ పిల్లకి! తుడుస్తుంటే భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోంది.

"ఏమైందే?"

"ఏమీ లేదు. అందరూ మంచివాళ్లే. ఊరికే ఏడుపొస్తోంది. కోడి ఇక్కడ కూడా వండుతారు అత్తయ్యా, అందులో అల్లమే ఉండదు. మీరు చేసేది తినాలనుంది. మీరుంటే బాగుండును."

చుట్టూ టాక్సీ డ్రైవరు లేడు, ఛ్యూ వదిన లేదు, వరసలో జనం లేరు. ఇది మొహమాటం కాదు. ఈ మాట కోసం నేను నాలుగేళ్లు కాచుకున్నాను, కాచుకున్నానని నాకే తెలియదు. జేబులో రైలు టిక్కెట్టు ఉంది. అదనపు ఆటగాడిగా బయల్దేరిన గావ్ మాష్టారు ఫ్లాస్కు పట్టుకుని స్టేషనులో నిలబడి ఉంటాడు, ఒక్క ఫోను కొడితే చాలు. చెప్పొద్దూ, నేను ఊగిపోయాను.

"ఎల్లుండి సాయంత్రం వండి తెస్తాను" అన్నాను. "ఇవాళ నాకు ఆట ఉంది."

పుట్టి బుద్ధెరిగాక ఇంట్లోవాళ్లతో అలాంటి మాట అనలేదు నేను. నాకు పని ఉంది అన్నా అది వాళ్ల పనే అయ్యుండేది. అన్నాక మీద ఆకాశమేం విరిగి పడలేదు.

పెయ్‌షాన్ తువ్వాల్లోంచి తలూపింది. కళ్లు తుడుచుకుని నాతో లిఫ్టు దాకా నడిచొచ్చింది. తలుపు మూసుకోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"అత్తయ్యా, వంతెన పక్క పొదలో ఎవరూ కనబడలేదని తిన్నగా దూకెయ్యకండి. అక్కడే కాసుకుని ఉంటారు. పోయిన నెలంతా అలాగే చచ్చారు మీరు."

"నీకెలా తెలుసే?"

"కొట్లో మీ వెనక స్టూలు మీద కూర్చుని చూసేదాన్ని కదా, రోజూ. మీరు ఒక్కసారి వెనక్కి తిరిగితే కదా!"

ఆ పిల్లని ఎగాదిగా చూశాను.

"ఇవాళ నన్ను చంపేవాడు ఇంకా పుట్టలేదు లేవే!" అన్నాను, కాస్త గట్టిగానే.

లోపల ఎక్కడో పసిపిల్ల ఒకటి ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది, దాన్ని చూసి ఇంకొకటి. నర్సు పరుగెత్తుకొచ్చి నా వంక గుడ్లురిమి చూసింది. పెయ్‌షాన్ తడి తల ఊగేలా నవ్వుతూ చెయ్యి తీసేసింది. నేను సంచి ఈ భుజం మీదనుంచి ఆ భుజానికి మార్చుకుని కిందికి దిగాను.